గుగ్గిలం పూసిన జీపు

నేను ఒక జీపుని. ఈ మాట మొదటే గట్టిగా చెప్పుకోవలసి వస్తోంది, ఎందుకంటే పాతమొగ అనే ఈ ఊళ్లో ఎవరిని అడిగినా ఒప్పుకోరు. నా ముఖం మీద కళ్లు గీశారు. నా ఒంటికి గుగ్గిలం పూశారు. నాలోకి చెప్పులతో ఎవరినీ ఎక్కనివ్వరు. జీపులకు ఇలాంటి మర్యాదలు జరుగుతాయని నేను పుట్టిన చోట ఎవరూ చెప్పలేదు. అందుకని నా పుట్టుపూర్వోత్తరాలు నేనే విప్పుతున్నాను. తరవాత మీరే తేల్చుకోండి.

నేను పుట్టింది బొంబాయిలో ఒక ఫ్యాక్టరీలో. కొండలెక్కాలి, వాగులు దాటాలి, బురదలో కూరుకుపోయినా నా అంతట నేనే లాక్కుని బయటపడాలి అని నన్ను తయారు చేశారు. దానికోసం గేరు పక్కనే ఇంకో చిన్న లివరు పెట్టారు. అది లాగితే వెనక చక్రాలతో పాటు ముందు చక్రాలకూ ఇంజను బలం అందుతుంది. మామూలు కార్లకు ఆ భాగ్యం లేదు. ఆ చిన్న లివరే నా గర్వం. ఎవరో ఒక మొనగాడు ఎక్కుతాడు, దాన్ని లాగుతాడు, అప్పుడు నేనేంటో లోకానికి తెలుస్తుంది అనుకుంటూ ఫ్యాక్టరీ గేటు దాటాను.

నన్ను మొదట కాలవల మీద అజమాయిషీ చేసే ఒక ఇంజనీరుగారికి ఇచ్చారు. ఆయనకి కాలవలంటే గౌరవం, అదీ దూరం నుంచే. తారురోడ్డు ఆగిన చోట ఆయన పర్యవేక్షణ కూడా ఆగిపోయేది. బురద కనిపిస్తే చాలు, "వెనక్కి తిప్పవయ్యా, ప్యాంటు పాడవుతుంది" అనేవాడు, తను దిగే పని లేకపోయినా. నా చిన్న లివరుకి వాళ్లావిడ కూరల సంచీ తగిలించేది. అలా ఎన్ని బీరకాయలు మోసిందో ఆ లివరు.

ఆ తరవాత వేలంలో నన్ను పెళ్లిళ్ల కంట్రాక్టరు ఒకాయన కొన్నాడు. కొండలెక్కాల్సిన నేను పెళ్లికొడుకుల్ని ఎక్కించుకుని, బ్యాండుమేళం వెనక, నడిచేవాళ్లకన్నా నెమ్మదిగా ఊరేగాను. ఒక పెళ్లికొడుకు ఉక్కపోతకి ఆగలేక తలపాగా తీసి ఆ లివరుకే తొడిగాడు. ఎన్నికలొస్తే నా మీద మైకులు కట్టేవారు. ఒక నాయకుడు ప్రతిసారీ నా బానెట్టు మీద చెయ్యి వేసి నిలబడి, పాయ అవతల ఉన్న పాతమొగకి వంతెన వేయిస్తానని మాట ఇచ్చేవాడు. ఆ మాట ఈ ఒడ్డు నుంచే ఇచ్చేవాడు. పాయ దాటి వెళ్లి ఇద్దామంటే వంతెన లేదు కదా మరి.

చివరికి పాతమొగ పక్కనే రొయ్యల చెరువులు తవ్వించిన ఒకాయన చేతిలో పడ్డాను. ఎక్కడి నుంచో బల్లకట్టులాంటి పంటు తెప్పించి, దాని మీద ఎక్కించి నన్ను పాయ దాటించారు. వాగులు దాటడానికి పుట్టిన బండిని పడవ మీద ఎక్కించి దాటించడం ఎంత సిగ్గో మీకు చెప్పలేను. రొయ్యల మేత మోశాను, ఉప్పునీళ్లు మోశాను. రొయ్యలకు తెగులొచ్చింది, యజమాని మకాం ఎత్తేశాడు, నన్ను చెరువు గట్టు మీద వదిలేశాడు. ఉప్పుగాలి ముందు నా నేలని తినేసింది. తరవాత తలుపుల కిందిభాగం తింది. సీటు కింద పీతలు కాపురం పెట్టాయి. చిన్న లివరు మాత్రం ఉంది, తుప్పు పట్టి, ఒక్కసారైనా పని చెయ్యకుండానే.

పాత ఇనుము కొనేవాడు సుత్తి తీసుకుని వచ్చిన రోజున నూకరత్నం అక్కడే ఉంది. ఎండిపోయిన చెరువులో పుల్లలు ఏరుకుంటోంది. సుత్తి చప్పుడికి గట్టెక్కి వచ్చింది.

"దాన్ని ముక్కలు సెయ్యకు. నాకు కావాలి" అంది.

"ఏం సేసుకుంటావమ్మా, కోళ్లగూడా?"

"నీకెందుకది? తూకానికి నువ్విచ్చేదేదో నేనే ఇస్తాను."

నూకరత్నం అంటే ఎవరో చెప్పాలి. మడ అడవిలో బురదబొరియల్లోంచి మండపీతల్ని పట్టే ఆడవాళ్లున్నారు పాతమొగలో. కొక్కెం కడ్డీ బొరియలోకి పోనిచ్చి, పీత కడ్డీని పట్టుకోగానే మెల్లగా బయటికి లాగుతారు. వాళ్లందరికీ ఈవిడే పెద్దదిక్కు. నడివయసు మనిషి. మాట తక్కువ, మొండితనం ఎక్కువ. వాళ్లు పట్టిన పీతలు కొనేవాడు ఒక్కడే, కోటిలింగం. ఇంజను పడవలో రేవుకి వచ్చి, గంపలోకి తొంగిచూసి, "ఇది గుల్ల పీత, లోపల కండ లేదు, దీనికి కాలు లేదు, ఇది సచ్చేలా ఉంది" అని తిరగేసి, తనకి తోచిన ధర పడేసి పోయేవాడు. కాకినాడ రేవులో వేలంపాట పెడితే ఎంత పలుకుతుందో అందరికీ తెలుసు. కానీ పాయ దాటాలి. పాయలో ఒకచోట ఎప్పుడో రాళ్లు పరిచిన దారి ఉంది. ఆటు వేళ మోకాలి లోతు, పోటు వేళ మనిషి మునిగేంత లోతు. రెండు ఒడ్డులా బురదే కాబట్టి ఆటోవాళ్లు ఆ పక్కకే రారు.

నా కింద కొబ్బరి దుంగలు పెట్టి, పడవని ఒడ్డుకి లాగినట్టు లాక్కుంటూ నన్ను ఊళ్లోకి తీసుకెళ్లారు. దారిలో రేవు దగ్గర కోటిలింగం తన పడవలోనే కూర్చుని చూశాడు. అక్కడే, ఆడవాళ్లందరి ముందూ, నూకరత్నం ఒక మాట అనేసింది.

"మండపీతల కాలం వచ్చేసరికి మన పీతలు మనమే కాకినాడ తీసుకెళ్లి పాట పెడదాం. ఇదే తీసుకెళ్తది."

కోటిలింగం నవ్వలేదు. నెమ్మదిగా అన్నాడు. "మంచిదే రత్నం. కదిలితే మీ దారి మీది. కదలకపోతే మాత్రం మళ్లీ నా పడవ ఈ రేవుకి రాదు. ఆ పీతలు మీరే వండుకు తినండి."

ఆడవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. వయసులో అందరిలోకీ పెద్దది బంగారక్క, "ఎంత మాటన్నావే రత్నం" అని గొణిగింది. ఆ క్షణం నుంచీ ఊరందరి కూడూ నా తుప్పు చక్రాలకి ముడిపడింది. నా బతుకులో నా మీద అంత నమ్మకం పెట్టుకున్నవాళ్లు అంతకుముందు లేరు. నిజం చెప్పొద్దూ, నాకు భయం వేసింది.

నన్ను తీసుకెళ్లి పెట్టింది ఇంటి పక్కన పడవలు కట్టే పాకలో. ఆ పాక నూకరత్నం మొగుడు ధర్మారావుది. తాత నాటి నుంచీ చెక్క పడవలు కట్టిన ఇల్లు వాళ్లది. ఫైబరు పడవలొచ్చాక చెక్క పడవ అడిగేవాళ్లు లేకుండా పోయారు. సగం కట్టిన పడవ ఒకటి పాకలో అలాగే ఉండిపోయింది, కట్టమన్నవాడు మధ్యలో మనసు మార్చుకుని ఫైబరుకి పోయాడు. ధర్మారావు పొద్దస్తమానం దాని పక్కనే మంచం వేసుకుని పడుకునేవాడు. బాడిస, ఉలి, కొయ్యసుత్తి నూనె రాసి గోనెగుడ్డలో చుట్టేశాడు. నన్ను చూసి అతను అన్న మొదటి మాట నేను మరిచిపోను.

"పడవలు కట్టే పాకలోకి ఈ ఎముకల గూడుని తెచ్చేవేంటే?"

"పాక ఖాళీగానే ఉంది కదా మావా" అంది నూకరత్నం.

అతను మంచం అటు తిప్పుకుని పడుకున్నాడు.

పాయ అవతలి ఊరి నుంచి జిలానీ అనే మెకానిక్కు వారానికి రెండు మూడుసార్లు ఆటు చూసుకుని వచ్చేవాడు. చురుకైన మనిషి, కాస్త తొందరపాటు. ఇంజను విప్పి తాటిచాప మీద పరిచాడు. పిస్టన్లు కిరోసిన్‌లో నానబెట్టాడు. నూకరత్నం పక్కన కూర్చుని ఒక్కొక్కటీ ఇసకతో, గుడ్డతో రుద్ది, పీతని కడిగినంత శ్రద్ధగా తుడిచి ఇచ్చేది. చిన్న లివరు కదలకపోతే జిలానీ రోజూ నూనె పోసి, ఊపి, మళ్లీ నూనె పోసి మొత్తానికి దాన్ని సడలించాడు. ఆ రోజు నాకు ప్రాణం లేచొచ్చింది. మూలుగు బయటికి రాకుండా ఆపుకోవడం ఎంత కష్టమైందో.

నేల దగ్గరే పేచీ వచ్చింది. జిలానీ ఎక్కడి నుంచో ఒక పాత రేకు తెచ్చి కంతల మీద పరిచి అతుకులు వేస్తున్నాడు. మంచం మీద అటు తిరిగి పడుకున్న ధర్మారావు ఇటు తిరిగాడు. కాసేపు చూశాడు. లేచి కూర్చున్నాడు.

"అబ్బాయ్, ఆ సందులోంచి అవతల ఎండ కనపడతంది."

"అది నేలే కదా బాబాయ్. కాళ్లు పెట్టుకోడానికి ఆ మాత్రం చాలు."

"కాళ్ల కిందకి నీళ్లొస్తే?"

"ఇది రోడ్డు మీద పోయే బండి. నీళ్లెందుకొస్తాయి?"

ధర్మారావు మంచం దిగాడు. పడవలు కట్టే మనిషికి కంత కనిపిస్తే, దురద పుట్టినచోట గోకకుండా కూర్చోమన్నట్టే ఉంటుంది. మంచం కింద నుంచి గోనెమూట లాగి ముడి విప్పాడు. నూకరత్నం చేస్తున్న పని ఆపేసి చూసింది. ఏమైనా అంటే మళ్లీ కట్టేస్తాడని తల వంచుకుని మళ్లీ పనిలో పడింది.

మర్నాడు అతను ఆ సగం పడవని విప్పడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క పలకా ఊడదీసి, అరచేత్తో తడిమి, పక్కన పెట్టాడు. నీళ్లు చూడని పడవని తన చేతులతోనే విప్పుకోవలసి రావడం చిన్న కష్టం కాదు. అంతవరకూ నన్ను ఎముకల గూడు అన్న మనిషి మీద నాకున్న కోపం ఆ రోజుతో పోయింది.

ఆ పలకలే నాకు నేల అయ్యాయి, పక్కలయ్యాయి. ఇక్కడి నుంచి నా పరువు పోయే కథ మొదలు. ధర్మారావుకి చేతనైన విద్య ఒక్కటే, దాన్నంతా నా మీద ప్రయోగించాడు. పలకకీ పలకకీ మధ్య నూనెలో తడిపిన దూది దట్టించాడు. గుగ్గిలం కాచి పైన పూశాడు. క్లచ్చీ, బ్రేకులూ, గేర్లూ బయటికొచ్చే కంతలకు లారీ ట్యూబు కోసి తొడుగులు తొడిగి, వాటి అంచులు కూడా గుగ్గిలంతో మూసేశాడు. తలుపులుండే చోట అడ్డపలకలు బిగించాడు. ఇక నాలోకి ఎవరైనా కాలు ఎత్తి దాటి దిగాల్సిందే, పడవలోకి దిగినట్టు. నా ఒంటి మీద ఎక్కడ కంత కనిపించినా వదల్లేదు. స్టీరింగుని సుక్కాని అనేవాడు. నా బానెట్టు ముక్కట, నా వెనకభాగం తోకట. కొండలెక్కడానికి పుట్టిన దాన్ని, ఎంత ఓర్చుకోమంటారు?

పని అయ్యాక పసుపూ సున్నమూ కలిపి నా ముందు మడ్‌గార్డుల మీద రెండు కళ్లు గీశాడు. రెండు పెద్ద దీపాలు నాకు ముందే ఉన్నాయని ఎవరూ గుర్తు చెయ్యలేదు. కళ్లు గీసిన దగ్గర నుంచీ అతను నాలో కాలు పెట్టలేదు. వాళ్ల ఇంటి ఆనవాయితీ అది. పడవ కట్టినవాడు, దాని మొదటి వేట అమ్ముడయ్యేదాకా అందులోకి ఎక్కకూడదు. నీళ్లలోకి దింపి, కనుచూపు దాటి పోయేదాకా మొలలోతు నీళ్లలో నిలబడి చూడాలి. తండ్రి అలాగే చేశాడు, తాతా అలాగే చేశాడు.

ఇంతలో వాన పడింది. పాక కప్పులో కంత ఉన్నచోట సరిగ్గా నేనున్నాను. తెల్లారేసరికి అంచుల దాకా నిండిపోయాను, నాలో ఇంటి బాతులు ఈదుతున్నాయి. జిలానీ చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. "బాబాయ్, నీళ్లు బయటికి పోడానికి నేలలో బెజ్జాలు వెయ్యాలి" అన్నాడు. ధర్మారావు ముఖం ఎర్రబడింది. "నేను కట్టినదానికి అడుగున బెజ్జం వేస్తావా?" అన్నాడు. ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. చివరికి నూకరత్నమే తీర్పు చెప్పింది, బెజ్జాలు జిలానీ వెయ్యాలి, వాటికి కొయ్య బిరడాలు ధర్మారావు చెయ్యాలి అని. వానొస్తే బిరడాలు తీస్తారు, వాన వెలిస్తే కొయ్యసుత్తితో దిగ్గొడతారు. బిరడాలున్న జీపుని మీరెక్కడైనా చూశారా? నేను చూడలేదు.

ఇంజను మోగింది. నూకరత్నం ఎండిన చెరువులో నన్ను నడపడం నేర్చుకుంది. జిలానీ నాలుగు మాటలు చెప్పాడు, మిగతాది ఆవిడ నన్ను చూసే నేర్చుకుంది. తొందరపడేది కాదు. ఎక్కడ గట్టి నేలో, ఎక్కడ ఊబో కాళ్లకు తెలిసిన మనిషి, చక్రాలకి కూడా అలాగే తెలియజెప్పింది. అలా చిన్న చిన్న చుట్లు బాగానే తిరిగాం. ఇక ఊళ్లోంచి రేవు దాకా, అందరూ చూస్తుండగా, ఒక పొడుగు ప్రయాణం చెయ్యాలనుకుంది.

ఆ రోజు కోటిలింగం కూడా రేవులోనే ఉన్నాడు. నేను గర్వంగా బయలుదేరాను. సగం దూరం వెళ్లగానే ఊపిరి అందలేదు. దగ్గాను, ఆగిపోయాను. జిలానీ బానెట్టెత్తి ఏవేవో విప్పి, ఊది, బిగించాడు. పెట్రోలుందో లేదోనని మూత తీసి చూశాడు, ఉంది. స్టార్టయ్యాను. కాస్త దూరం పోయి మళ్లీ ఆగిపోయాను. మళ్లీ విప్పాడు, మళ్లీ ఊదాడు, మళ్లీ మూత తీసి చూశాడు. మళ్లీ పోయాను, మళ్లీ ఆగాను. కారణం నాకు తెలుసు, చెప్పడానికి నోరు లేదు. కోటిలింగం పడవలోంచే, "నడిచెల్లినా ఈపాటికి కాకినాడ సేరిపోదురు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. బంగారక్క నూకరత్నం దగ్గరికి వచ్చి మెల్లగా అంది. "ఈ ఏడాదికి ఆడికే ఇచ్చేద్దాం రత్నం. పంతాలకి పోతే పిల్లలు పస్తుంటారు."

నూకరత్నం కళ్లలో నీళ్లు తిరిగాయి. స్టీరింగు వదల్లేదు. "జిలానీ, ఇందాక మూత తీసినప్పుడల్లా సోడా కొట్టినట్టు చప్పుడొచ్చింది. మళ్లీ తియ్యి" అంది. తీశాడు. నిజమే, బుస్సుమంది. ఆవిడ మూత చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, మొగుణ్ని పిలిచింది.

"మావా, దీనికేం సేసేవు?"

"సిన్న బెజ్జం ఉంటే మూసేను" అన్నాడు ధర్మారావు, మెచ్చుకుంటారేమో అన్నట్టు. "సూది దూరేటంత ఉంది. ఎవరి కంటా పడలేదు. నేను సూసేను."

జిలానీ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని బురదలోనే కూలబడ్డాడు. ట్యాంకులోకి గాలి పోయేది ఆ బెజ్జంలోంచే. గాలి లోపలికి పోకపోతే పెట్రోలు బయటికి రాదు. మూత తీసినప్పుడల్లా కాస్త గాలి మింగి, అది ఉన్నంతసేపూ నడిచాను, అంతే. ధర్మారావు సూది తెచ్చి గుగ్గిలం పొడుచుకుంటూ, "ఊపిరి పీల్చుకునే బెజ్జమని ముందే సెప్పాలి కదా" అని చాలాసేపు సణిగాడు. అప్పటికి కోటిలింగం వెళ్లిపోయాడు. ఆడవాళ్లు మాత్రం ఒక్క వేట ఆగుతామన్నారు. ఒక్కటే.

ఆ వేట బాగా పడింది. కాళ్లు కట్టిన మండపీతలు గంపలనిండా, పైన తడి గోనెలు కప్పి, పొద్దు పొడవగానే నాలోకి ఎక్కించారు. గంపల పక్కన ఆడవాళ్లు ఇరుక్కుని కూర్చున్నారు. పాటకి వెళ్లాక కట్టుకుందామని నూకరత్నం తన మంచి చీర మడతపెట్టి సీటు వెనక నేల మీద పెట్టుకుంది. పాయ ఆటులో ఉంది, రాళ్లు కనిపిస్తున్నాయి. అప్పుడే వెళ్లిపోతే ఏ గొడవా లేదు. కానీ ధర్మారావు నా ముక్కు ముందు పూజకి కూర్చున్నాడు.

కొబ్బరికాయ కొట్టాడు. పసుపునీళ్లు చల్లాడు. సాంబ్రాణి పట్టుకుని నా చుట్టూ తిరిగాడు. గంగమ్మతల్లిని, తండ్రిని, తాతని పేరుపేరునా తలుచుకున్నాడు.

"మావా, పోటు తిరుగుతంది" అంది నూకరత్నం.

"తిరగనీ. సగం పూజతో దింపిన పడవ మా ఇంట్లో ఒక్కటి లేదు."

అతను లేచేసరికి రాళ్లు కనిపించడం మానేశాయి. మళ్లీ ఆటు వచ్చేదాకా ఆగితే పాట అయిపోతుంది, ఎండకి పీతలు చస్తాయి. అవి చస్తే ఆవిడ మాటా చచ్చినట్టే. ఆవిడ ఒక్కసారి వెనక్కి తిరిగి అందరి ముఖాలూ చూసింది. బంగారక్క తల ఊపింది. అప్పుడు నూకరత్నం ఎడమకాలు క్లచ్చి మీద నొక్కి, పెద్ద గేరుని వదిలి, పక్కనున్న చిన్న లివరుని పట్టుకుని లాగింది.

దానికోసమే కదా నేను పుట్టింది. బీరకాయల సంచులు, తలపాగాలు, మైకుల వైర్లు అన్నీ ఆ ఒక్క క్షణంలో నా ఒంటి మీద నుంచి రాలిపోయాయి. ముందు చక్రాల్లోకి బలం వచ్చింది. బురదని కరిచి పట్టుకుని పాయలోకి దిగాను. నాలుగు చక్రాలూ కలిసి లాగుతుంటే, పోటు నీళ్లు నా పక్కల్ని కొడుతుంటే, నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. జీపంటే ఇదీ అని అరవాలనిపించింది.

పాయ మధ్యకి వచ్చేసరికి నీళ్లు ముక్కుదాకా వచ్చాయి. లోపల ఫ్యాను నీళ్లని ఎగజిమ్మి వైర్లన్నీ తడిపేసింది. ఇంజను టకటకమని ఆగిపోయింది. నా గర్వం అక్కడితో సరి. ఇంకే జీపైనా అయితే నేల కంతల్లోంచి నీళ్లు ఎగదన్ని, గంపలు తేలిపోయి, మనుషులు కొట్టుకుపోయేవారు. నేనూ అదే జరుగుతుందని ఎదురుచూశాను. నీళ్లు రాలేదు. ఒక్క చుక్క కూడా రాలేదు. దూది పట్టింది, గుగ్గిలం పట్టింది, బిరడాలు పట్టాయి. నీళ్లు చుట్టూ పెరిగేకొద్దీ నేను తేలికవడం మొదలుపెట్టాను. ఇంజను బరువుకి ముక్కు నీళ్లలోనే ఉండిపోయింది గాని, వెనకభాగం మెల్లగా పైకి లేచింది. వెనక చక్రాలు రాళ్లని వదిలేశాయి. పోటు నా తోకని పక్కకి తిప్పసాగింది, అటుపక్క రాళ్లు లేవు, లోతు.

మొలలోతు నీళ్లలో నిలబడి చూడాలని ఆనవాయితీ కదా. ధర్మారావు అక్కడే ఉన్నాడు. చూడటం మానేసి ఈదుకుంటూ వచ్చాడు. వెనక కొక్కెం పట్టుకుని కాళ్లు రాళ్లకి తన్నిపెట్టాడు.

"సుక్కాని తిన్నగా పట్టు రత్నం. మీరంతా దిగండి, లోతు పక్క రాళ్ల అంచుకి రండి. భుజం ఆన్చండి. మొయ్యక్కర్లేదు, అదే తేలతంది. మీరు దారి సూపించండంతే."

ఆడవాళ్లు అడ్డపలకల మీంచి నీళ్లలోకి దూకారు. గొంతుదాకా నీళ్లు. గంప ఒకరి తల మీదకి ఒకరు ఎత్తుకునేటప్పుడు వేసే కేక వాళ్లకొకటి ఉంది, "ఆఁ… లే" అని. బంగారక్క ఆ కేక వేసింది. అందరూ అందుకున్నారు. కేకకొక అడుగు చొప్పున నేను కదిలాను. మధ్యలో ధర్మారావు, నీళ్లు మింగుతూనే, "సూసేరా, బరువే లేదు" అంటున్నాడు. అంత ఆపదలోనూ తన పని గురించి చెప్పుకోకుండా ఉండలేకపోయాడు. నాకు కోపం రాలేదు. చెప్పుకోనీ అనిపించింది.

ముందు చక్రాలకి అవతలి ఒడ్డు బురద తగిలింది. ఒడ్డెక్కాక అందరూ నన్ను ఆనుకుని రొప్పుతూ నిలబడ్డారు. గంపల్లో పీతలు గోనెల కింద గరగరమని కదులుతున్నాయి. నూకరత్నం బానెట్టెత్తింది. తడిసిన వైర్లు, మూతలు తుడవాలి. నీళ్లలోకి దూకినవాళ్ల బట్టలు కారుతున్నాయి, దిగేటప్పుడు ఆవిడ చీరా బురదనీళ్లలో తడిసింది, పొడిగుడ్డ ఎక్కడుంది? ఆవిడ నాలోకి వంగి, సీటు వెనక నుంచి మంచి చీర తీసింది. మడత నలగలేదు, చెమ్మ తగల్లేదు. దాన్ని చేత్తో తడిమి చూసి మొగుడి వంక చూసింది. ఆ చీరతోనే నా ఇంజనంతా తుడిచింది. రెండోసారి స్టార్టు చెయ్యగానే ఇంజను అందుకుంది.

"ఎక్కు మావా" అంది.

"వేట ఇంకా అమ్ముడవ్వలేదు కదే" అని ధర్మారావు మళ్లీ నీళ్లలోకి దిగి నిలబడ్డాడు.

కాకినాడ రేవు గేటు దగ్గర కాపలావాడు ఆపాడు. బండ్లు ఇటు, పడవలు అటు అని వాడి ఏర్పాటు. నా ముఖం మీద కళ్లు, పక్కలకి పలకలు, ఒళ్లంతా కారుతున్న నీళ్లు చూసి కర్ర ఏ పక్కకి చూపించాలో తెలియక ఆగిపోయాడు.

"ఏంటమ్మా ఇది?"

"మా మావ కట్టిన పడవ" అంది నూకరత్నం.

రోడ్డు మీద నాలుగు చక్రాలతో నిలబడి ఆ మాట విన్నాను. చివుక్కుమంది, కాస్తే.

పాటలో బంగారక్క గొంతు అందరికన్నా పైకి లేచింది. ప్రతి పీతా బతికే ఉంది. కొనేవాళ్లు గంపల చుట్టూ మూగి ఒకరి మీద ఒకరు ధర పెంచుతుంటే, ఇన్నాళ్లూ తమ పీతలకి కాలు లేదు, గుల్ల అనిపించుకున్న ఆ ఆడవాళ్లు నడుం మీద చేతులు పెట్టుకుని నిటారుగా నిలబడ్డారు. ఎవరి గంప సొమ్ము వాళ్లు కొంగున ముడేసుకున్నారు. తిరుగుదారంతా పాటలే. నేను జీవితంలో చాలా ఊరేగింపులు చూశాను గాని, ఊరేగించవలసినవాళ్లని ఊరేగించింది ఆ రోజే.

మేం పాయ దగ్గరికి వచ్చేసరికి ఆటు వచ్చి రాళ్లు మళ్లీ కనిపిస్తున్నాయి. మామూలుగానే దాటి వచ్చాను. ఇవతలి ఒడ్డున ధర్మారావు మా కోసం ఎదురుచూస్తున్నాడు. కోటిలింగం పడవ రేవులో ఉంది, అందులో పీతల పెట్టె ఖాళీగా ఉంది. అతను దిగి వచ్చి, వంగి, నా అడుగుభాగమంతా చూశాడు. అడ్డపలకల అతుకుల్లో వేలు పెట్టి చూశాడు.

"ధర్మారావూ, నా పడవ అడుగున కొంచెం నీరు ఊరతంది. ఓసారి సూస్తావా?"

"ఒడ్డుకి లాగించు, సూద్దాం" అన్నాడు ధర్మారావు. అతని చూపు కోటిలింగం మీద లేదు. భార్య కొంగు ముడి మీద ఉంది. "అమ్ముడైందా?" అని అడిగాడు.

"మొత్తం" అంది నూకరత్నం.

అతను పాయలోకి వెళ్లి కాళ్లు కడుక్కున్నాడు. చేతులూ కడుక్కున్నాడు. అడ్డపలక మీద కొంచెం వంగి, నన్ను ముట్టుకుని కళ్లకద్దుకుని, కుడికాలు ముందు పెట్టి లోపలికి దిగాడు. తను విప్పుకున్న సగం పడవ పలకల మీదే, తోక వైపు, చుక్కాని దగ్గర కూర్చునేవాడిలా కూర్చున్నాడు. చెయ్యి అంచు మీద వేశాడు. ఆ అంచునే మెల్లగా నిమిరాడు. ఆడవాళ్లు చూసీ చూడనట్టు పక్కకి తిరిగారు.

"ఇంటికేనా?" అంది నూకరత్నం.

"ఇంకోసారి దాటించు" అన్నాడు.

ఇది జరిగి చాలా కాలమైంది. పాయ మీద వంతెనకి స్తంభాలు లేచాయి, ఎప్పటికి పూర్తవుతుందో స్తంభాలకీ తెలియదు. ధర్మారావు పాకలో ఇప్పుడు నాకు చోటు లేదు, నీరు ఊరే పడవలు వరసకట్టి ఉన్నాయి. నేను పాయ ఒడ్డునే ఉంటాను, బిరడాలు బిగించుకుని, చిన్న లివరు నిగనిగలాడుతూ, పోటు ఎప్పుడు తిరుగుతుందా అని చూస్తూ. ఎవరైనా కొత్తవాళ్లు వచ్చి, ఇదేం పడవ అని అడిగితే, ఇప్పటికీ నా సమాధానం ఒక్కటే. నేను ఒక జీపుని. కాకపోతే పాయ మధ్యలో, వెనక చక్రాలు రాళ్లని వదిలి, బంగారక్క కేక మొదలైనప్పుడు మాత్రం ఆ మాట పట్టుకుని ఎవరితోనూ వాదించను.